రూతమ్మ ఇంటి ఐసోలేషన్ వార్డు

ఆదివారం ఆరాధనకి కొత్త పాటల పుస్తకం తెస్తానని రూతమ్మ సంఘమంతటికీ మాటిచ్చేసింది. మూడు నెలలు ఒంటి వేలితో టైపు చేసిన అరవై పాటల ఫైలు తీరా శనివారం మధ్యాహ్నానికి కంప్యూటర్లో లేదు. తెర మీద "వైరస్ పట్టుబడింది" అని ఎర్రపెట్టె మాత్రం వెలుగుతోంది.

ముప్పై ఏళ్లు హెడ్ నర్సుగా చేసిన మనిషాయె. చటుక్కున ఇంటర్నెట్ వైరు పీకేసి, గది తలుపు మూసేసి, "ఎవరూ లోపలికెళ్లకండి" అని భర్త కృపానందాన్ని కసిరింది. ఇక ఆ కంప్యూటర్‌కి జ్వరం చూడటమొక్కటే తక్కువ.

పై ఫ్లాటులో ఉండే ప్రశాంతి హైటెక్ సిటీలో సెక్యూరిటీ కంపెనీ ఉద్యోగి. పిలవగానే వచ్చి కాసేపు చూసి, పకపకా నవ్వింది.

"ఇందుల రెండు యాంటీవైరస్‌లున్నయి ఆంటీ. ఒకదాన్ని చూసి ఇంకోటి దొంగనుకొని కొట్లాడుతున్నయి."

"రెండేంటమ్మా? నేను వేయించింది ఒకటేగా!" అనేసి రూతమ్మ నాలుక కరుచుకుంది.

"నువ్వూ వేయించావా?" అన్నాడు కృపానందం.

"ఏది కొనాలని పోట్లాడుకున్నప్పుడు మీరు చెప్పిన కంపెనీని నమ్మేదెలాగండీ? అయినా మీరు మాత్రం నాకు చెప్పారా?"

ఒకరికి తెలియకుండా ఇద్దరు డాక్టర్ల మందులు మింగే రోగుల్ని దవాఖానలో ఆమె ఎంతమందిని తిట్టిందో లెక్కలేదు. తన ఇంట్లోనే ఆ పని జరిగిందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది. దాని వెంటే భయమూ వచ్చింది. రేపు అందరికీ మొహమెలా చూపించాలి?

"నా పాటలు పోయినట్టేనా తల్లీ?" అంది, కళ్లనీళ్లు తిరుగుతుంటే.

"ఫికర్ చేయకండి. అనుమానమొచ్చి ఆ రెండిట్ల ఒకటి పక్కన పెట్టిందంతే, పారెయ్యలే."

ప్రశాంతి ఏదో నొక్కగానే అరవై పాటలూ తెర మీదికి వచ్చేశాయి. రూతమ్మ "స్తోత్రం ప్రభువా!" అని కుర్చీలో కూలబడింది. ప్రాణం కుదుటపడగానే పాత కోపం లేచింది.

"పాటల్ని పట్టుకుపోయింది ఈయన వేయించిందేగా?"

"కాదాంటీ. మీదే."

కృపానందం కిటికీ వైపు తిరిగి నవ్వాపుకోబోయాడు కానీ అదిరే భుజాలు పట్టిచ్చేశాయి.

"సర్లెండి, చాల్లెండి," అంటూనే రూతమ్మకీ నవ్వొచ్చేసింది. "నాది తీసెయ్ తల్లీ. ఆయనదే ఉండనీ."

సాయంత్రం మదీనాగూడ ప్రింటింగు షాపుకి ఫైలు తీసుకెళ్లే ముందు, చివరి పేజీలో తన పేరు కింద ఇంకో వరుస కలిపింది. "కూర్పు, టైపింగు: రూతమ్మ. కాపలా: కృపానందం."