రెండో చరణంలో నవ్వు

గాసి పాటల్ని నేను చెరిపినంత శ్రద్ధగా లోకంలో ఎవరూ చెరిపి ఉండరు. ఇవాళ విశాఖ సిటీ బస్సుల వెనకాల వాడి బొమ్మ ఉంటుంది. వాడు గిటారు పట్టుకుని అరిస్తే గ్రౌండు గ్రౌండంతా లేచి అరుస్తుంది. అదే అరుపుని పన్నెండేళ్ల కిందట అరకు సంతలో రెండువందల మెమరీ కార్డుల్లోంచి ఒక్కొక్కటిగా తీసేసింది నేనే. జనం తియ్యమన్నారు, తీశాను. నెపం నెట్టడానికి ఎవరూ లేరు.

నా పేరు ధనరాజు. సంతవీధిలో సెల్ షాపు నాది. ఇప్పుడంటే ఫోన్ కవర్లూ ఆధార్ ప్రింట్లూ. అప్పట్లో కొండ మీద నెట్ ఎక్కడిది, పాటలెక్కించడమే వ్యాపారం. శుక్రవారం సంతకి దిగినవాళ్లు పసుపు, చింతపండు అమ్ముకుని, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని, ఆఖర్న నా దగ్గరికొచ్చి ఫోన్లోంచి కార్డు తీసిచ్చేవారు. సినిమా పాటలు నింపి ఇచ్చేవాణ్ణి.

గాసి కార్డు తేలేదు. చర్చిలో ఎవరో వదిలేసి వెళ్లిన గిటారు తెచ్చాడు. పద్దెనిమిదేళ్ల వాడు, మనిషికంటే గిటారే బరువుగా ఉంది.

"అన్నా, నా పాటలు కంప్యూటర్లోకి ఎక్కించీ," అన్నాడు.

నేను నవ్వి పంపించేసేవాణ్ణే. మా ఆవిడ రత్న ఒప్పుకోలేదు. ఆమె చర్చి క్వయర్లో పాడేది, పాడేవాళ్లంటే జాలి. "ఒకసారి వింటే నీ సొమ్మేం పోయింది?" అంది. విన్నాం. వాడి గొంతులో ఏదో ఉంది, అది బాగుందో బాగులేదో మాత్రం నాకు తెలీలేదు. రత్నకి తెలిసింది.

షాపు షట్టరు దించి, గోడలకి బొంతలు కట్టి, హెడ్‌సెట్ మైకుని ఆపేసిన ఫ్యానుకి వేలాడదీసి, మూడు మధ్యాహ్నాలు చెమటలు కక్కుతూ ఎనిమిది పాటలు రికార్డు చేశాం. ఒక పాటలో ఆడగొంతు కావాలన్నాడు. "వదినా, నువ్వు పాడు," అన్నాడు. వాడు "సిగ్నలు లేని కొండ మీద నన్ను పిలిసింది ఎవులే?" అని అరుస్తాడు. రత్న "నానే, నానే" అని మెల్లిగా జవాబు చెప్పాలి. అంతే ఆమె వంతు.

రెండో చరణంలో ఆమె జవాబు చెప్పబోతుంటే బయట ఎవరో షట్టరు బాది "రీసార్జి ఉందా?" అని కేకేశారు. రత్నకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు, నవ్వుతూనే "నానే" అంది. తర్వాత విని చూస్తే మైకులో షట్టరు చప్పుడు పడలేదు, నవ్వొక్కటే పడింది. మళ్లీ పాడిద్దామన్నాను. "ఉండనీ అన్నా, కరెంటు పోతే ఇదీ ఉండదు," అన్నాడు గాసి.

షాపు ముందు రంగు కాగితం అంటించాం, 'గాసి పాటలు ఎనిమిది' అని. మూడు సంతలు గడిచినా ఒక్కడూ అడగలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు కదా. నాకు పట్టుదలొచ్చింది. అడిగినా అడక్కపోయినా ప్రతి కార్డులోనూ సినిమా పాటల మధ్య ఆ ఎనిమిదీ ఊరికే ఎక్కించాను. తర్వాతి శుక్రవారం నుంచి మొదలైంది.

"ఏటిది బాబూ, గొంతు నొప్పొచ్చినోడిలాగ అరుస్తన్నాడు. తీసీ."

"మా మేకలు బెదిరిపోతన్నాయి. తీసీ బాబూ."

తీశాను. గాసి ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి, వాడి పాటలు తిరిగొస్తుంటే చూసేవాడు. ఒకరోజు నాకు చెప్పకుండానే విశాఖ బస్సెక్కి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. వీడి కోసం సంతంతటితో మాటలు పడ్డాను, చెప్పి వెళ్లడానికి నోరు రాలేదా అని. ఆ కోపంలో కంప్యూటర్లో ఉన్న ఫోల్డరు కూడా తీసెయ్యబోయాను. రత్న వెనక నిలబడి ఉంది.

"ఉంచరాదూ. అందులో నా గొంతు కూడా ఉంది కదా," అంది.

"నీ గొంతుకి కంప్యూటరెందుకు? ఇంట్లో రోజూ వింటూనే ఉన్నాను," అన్నాను.

నా తెలివికి నేనే మురిసిపోయి డిలీట్ కొట్టాను. ఆమె లోపలికెళ్లి అన్నం వార్చింది.

మా అమ్మాయి సుజానాకి ఏడాదిన్నరప్పుడు మలేరియా తలకెక్కి రత్న పోయింది. నాలుగు రోజుల్లో అంతా అయిపోయింది. ఫోటోలున్నాయి. పెళ్లి వీడియో ఉంది, కానీ వీడియో తీసినవాడు మాటలన్నీ తీసేసి మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు పెట్టాడు. అందులో రత్న పెదవులు కదుపుతుంది, నవ్వుతుంది, ఎవరితోనో ఏదో అంటుంది. గొంతు మాత్రం ఎవరో గాయనిది. సుజానా చిన్నప్పుడు వాళ్లమ్మ గొంతు అదే అనుకునేది.

ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. మొన్న వేసవిలో ఫోన్లో గాసి ఇంటర్వ్యూ చూస్తోంది. "నా మొదటి పాటలు అరకు సంతలో, ఒక సెల్ షాపులో రికార్డు చేశాం. మా వదిన పాడింది. ఎవరూ వినలేదు," అని వాడు నవ్వుతున్నాడు. సుజానా నా వైపు తిరిగింది.

"నాన్నా, వదినంటే అమ్మేనా?"

అవునన్నాను.

"అయితే పెట్టు మరి. నేనింటాను."

అబద్ధమాడదామనుకున్నాను, నోరు రాలేదు. నేనే తీసేశానని చెప్పాను. "అన్నీనా?" అంది. అన్నీ అన్నాను. అది కోప్పడలేదు. పోయిన వస్తువు ఎక్కడుందో పెద్దవాళ్లకి తెలుస్తుందన్న ధీమాతో, "ఎక్కడో ఒక్కటి ఉంటాదిలే, వెతుకుదాం," అంది. ఆ నమ్మకమే నన్ను కాల్చింది.

గాసి నంబరు కోసం పదిమందిని అడిగాను. వారం పోయాక వాడే ఫోన్ చేశాడు. గొంతు పెద్దదైంది కానీ పిలుపు మారలేదు.

"అన్నా, నా దగ్గర లేవన్నా. ఆ ఫోను విశాఖలో దొంగలెత్తుకుపోనారు. మా పాటల కంపెనీవాళ్లూ అడుగుతున్నారు. నువ్వుంచుంటావులే అనుకున్నాను," అన్నాడు. వాడికీ చెప్పాను, తీసేశానని. "పోనీలే అన్నా," అన్నాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

రత్న పాడిన ఆ పాటని వాడు మళ్లీ పాడి రిలీజ్ చేశాడు. 'నానే' అన్నచోట ముంబై అమ్మాయి ఎవరో చక్కగా, శ్రుతిలో అంది. నవ్వు లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ప్రతి శుక్రవారం షాపు ముందు కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లని పాత కార్డులు అడగడం మొదలుపెట్టాను. పిచ్చి పట్టిందనుకున్నారేమో, పాపం తెచ్చారు. కొంగున ముడేసినవి, తాళిబొట్టు డబ్బాలో దాచినవి, విరిగినవి. సుజానా పక్కన కూర్చుని ఒక్కొక్కటి రీడర్లో పెట్టేది. సినిమా పాటలు, దేవుడి పాటలు, ఎవరి పిల్లాడివో బోసినవ్వు ఫోటోలు. గాసి ఎక్కడా లేడు. నా పని నేను శుభ్రంగా చేశాను.

వానలు వెనకబట్టాక పసుపు అమ్మడానికొచ్చిన భాను అనే ఆమె మా గోల విని ఆగింది.

"మా కన్నోరి ఊళ్లో సోములు తాత ఉన్నాడు, పనసపుట్టులో. ఆడి ఫోన్లో ఆ అరుపుల పాట ఉండేది. సేలో కాపలాకి అదే ఏసీవోడు. ఆ పాటకి అడివిపందులు రావంట."

సుజానా పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లనీళ్లొచ్చేదాకా. గాసి తొలి పాటల్ని ఇష్టపడ్డ ఒకే ఒక్క శ్రోత వాటిని పందుల్ని తోలడానికి వాడుకున్నాడు. ఏమైతేనేం, తీసెయ్యమని రాలేదు. అది చాలు.

ఆదివారం ప్రార్థన అవగానే బయల్దేరాం. ఆటో దిగి రెండు గంటలు నడక. సుజానా కార్డు రీడరు గౌను జేబులో పెట్టుకుని, పడిపోయిందేమోనని దారి పొడవునా తడిమి చూసుకుంటూనే ఉంది.

సోములు ఇంటి అరుగు మీద ఆయన భార్య బుద్రి అనే ముసలామె రాగులు చెరుగుతోంది. తాత ఉన్నారా అని అడిగాను. చేట కింద పెట్టి, ఇంటి పక్క పొలంగట్టు వైపు చూపించింది. అక్కడ కొత్తగా నిలబెట్టిన రాయి ఉంది.

"మొన్న సామలు కోసినప్పుడు పోనాడు బాబూ."

సుజానాయే అడిగింది, "తాత ఫోను ఉందా?" అని.

"ముసిలోడి సామాను ముసిలోడికే ఇచ్చీసినాం అమ్మా. కంచం, గొడుగు, ఫోను. ఆ పాట లేందే ఆడికి పొద్దు పోదు కదా."

ఈ కొండల్లో పోయినవాళ్ల వస్తువులు పోయినవాళ్లతోనే పంపుతారు. అది నాకు తెలియంది కాదు. దారంతా ఎందుకు గుర్తు రాలేదో తెలీదు. ఆ రాయి నాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఫోను ఈ పాటికి పాడైపోయి ఉంటుంది. కార్డు అంత తొందరగా పాడవదు. గెడ్డ నీళ్లలో పడ్డవీ, బురదలో తొక్కినవీ తుడిచి ఆరబెట్టి ఎన్ని బతికించానో లెక్కలేదు. అడుగు లోతు తవ్వితే చాలు. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. రత్న సమాధి మీద ఎవరైనా పార వేస్తే నేనూరుకుంటానా?

అయినా ఆశ చావదు. "అందులో మా ఆవిడ గొంతుందమ్మా. ఈ పిల్ల తల్లిది. ఇది ఎప్పుడూ వినలేదు," అన్నాను.

బుద్రి సుజానాని చాలాసేపు చూసింది.

"నాకూ ఇనాలనే ఉంటాది బాబూ. ఏటి సేత్తాం. ఇచ్చీసింది మల్లీ అడగరు."

ఇక లేవడమే మిగిలింది. సుజానా లేవలేదు. జేబులోంచి రీడరు తీసి చేతిలో తిప్పుతూ, "ఆ పాట నీకొచ్చా అవ్వా?" అంది.

"రాకేటి? మంచె మీద ఆడు మొగోడి వంతు పాడీవోడు, నాను ఆడదాని వంతు పాడీదాన్ని. ఇప్పుడు అడిగీవోడు లేడు గదా."

"నేనడుగుతాను," అంది సుజానా.

ఫోన్లో కొత్త పాట వినీ వినీ దానికి కంఠతా వచ్చు. అరుగు మీద నిలబడి గొంతెత్తి పాడింది, "సిగ్నలు లేని కొండ మీద నన్ను పిలిసింది ఎవులే?" ముసలామె రాగుల చేట చూస్తూ, "నానే, నానే," అంది. వణికే గొంతు. కానీ ఎత్తుకోవడం, ఆపడం, మధ్యలో ఊపిరి తీసుకోవడం అంతా రత్నదే. రెండో చరణం వచ్చింది. సుజానా అడిగింది. బుద్రి ముందు ఆపుకోబోయినట్టు ఆగింది, తర్వాత నవ్వింది, నవ్వుతూనే "నానే" అంది.

ఆమెకి అది పాటలో భాగమే. పదేళ్లపాటు విని, ఎంత నవ్వాలో, ఎక్కడ తెంచాలో నేర్చుకుంది. నేను స్తంభం పట్టుకుని ఏడ్చాను. ముసలామె పాట ఆపి, "ఏటయ్యింది?" అని సుజానాని అడిగింది.

"ఇంకోసారి పాడవా అవ్వా? రికార్డు చేసుకుంటాం," అంది సుజానా. బుద్రి ఒప్పుకోలేదు. ఏడాది తిరక్కుండా మొగుడి పాట పాడడమే తప్పు, పిల్ల అడిగిందని పాడాను, పెట్టెలో పెట్టొద్దు అంది. మాకు ఉడకబెట్టిన దుంపలు పెట్టి పంపించింది.

దిగుతుంటే సుజానా గెంతుతూ నడిచింది. ఆ చరణం పాడుకుంటూ, ఆ చోటుకి రాగానే అచ్చం ముసలామెలా ఆగి నవ్వింది. మలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, అమ్మ ఇలాగే నవ్వేదా?"

కాదు. రత్న నవ్వు వేరు, చెబుతానుండు అనబోయాను. ఎలా వేరో చెప్పడానికి వెతికాను. పొట్టిగా ఉండేదా? ముక్కులోంచి వచ్చేదా? ఎనిమిదేళ్లుగా నా చెవిలో ఉందనుకున్నది చేతికి దొరకలేదు.

"ఇలాగే," అన్నాను.

అది సంతోషంగా ముందుకి పరిగెత్తింది.

ఇది జరిగి మూడు నెలలైంది. షాపులో ఎవరూ లేనప్పుడు కళ్లు మూసుకుని గుర్తు చేసుకుంటూ ఉంటాను. షట్టరు బాదిన చప్పుడు వస్తుంది. బొంతల వాసన వస్తుంది. "రీసార్జి ఉందా?" అన్న కేక కూడా వినబడుతుంది. రత్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నవ్వు మాత్రం బుద్రిది.