ఏడుగురిలో మిగిలినవాడు

మాచర్ల రోడ్డు పక్క రేకుల షెడ్డులో నాపరాయి చెక్కే మౌలాలీకి రెండు విద్యలు వచ్చు. ఒకటి ఉలి పట్టడం, రెండోది కోతలు కోయడం. తన తాత చెక్కిన పులిని చూసి బొల్లాపల్లి మేకలు మూడు రోజులు మేత ముట్టలేదని ఆయన చెబితే, నాలుగో రోజు ఎందుకు ముట్టాయని అడిగినవాడు లేడు.

సరిహద్దులో పోయిన కొడుకు కోటిబాబుకు రాయి చెక్కమని చెన్నమ్మ వచ్చినప్పుడు కూడా ఆయన వివరాలు అడగలేదు. వీరుడి రాయికి వాళ్లింట తాతలనాటి పద్ధతుంది గదా. కోరమీసం, నడుం మీద ఎడమ చెయ్యి, కుడిచేత పైకెత్తిన ఆయుధం, కాళ్ల దగ్గర పడిపోయిన శత్రువులు ఏడుగురు. కత్తి బదులు తుపాకీ పెట్టి, అంతా అలాగే చెక్కాడు.

రేపు ఊళ్లో రాయి నిలబెడతారనగా, చెన్నమ్మ శౌరిని వెంటబెట్టుకుని వచ్చింది. సరిహద్దు కొండ మీద కోటిబాబు పోయిన రోజు అతని పక్కన ఉన్న సిపాయి శౌరి. చేతికర్ర మీద ఆనుకుని రాయిని చాలాసేపు చూశాడు.

“మామా, ఈ ఏడుగురెవరు?”

“మీవోడు చంపినోళ్లు. రాయి చాలక ఏడుగురితో ఆపా.”

“వాడు ఆ రోజు ఎవర్నీ చంపలా.”

జరిగింది శౌరి చెప్పాడు. ఇద్దరికీ తూటాలు తగిలాయి. వచ్చింది ఒకటే స్ట్రెచర్. కోటిబాబు బండ పట్టుకుని లేచి నిలబడ్డాడు. కడుపులో గాయం కనబడకుండా ఎడమ చేత్తో మూసుకుని, కుడిచెయ్యి ఎత్తి స్ట్రెచర్ తెచ్చినవాళ్లను పిలిచాడు. నాకేం కాలేదు, ముందు వీణ్ణి ఎత్తండి అన్నాడు. వాళ్లు మళ్లీ వచ్చేసరికి ప్రాణం లేదు.



“అన్నా, రేపు ఊరంతా వస్తది,” అంది చెన్నమ్మ. “నా కొడుకు చేసిందొకటి, జనం చూసేదొకటి అయితే ఈ రాయి నాకెందుకు?”

“చెక్కేయగలను గానీ చెక్కినదాన్ని పూడ్చలేనమ్మా,” అని గొణిగి, ఆయన రాయి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. “ఒరేయ్ శౌరీ, నిలబడే ఉన్నాడన్నావు గదా?”

“నిలబడే ఉన్నాడు.”

మౌలాలీ ఉలి అందుకున్నాడు. తుపాకీ రాలిపోయి పిలిచే చెయ్యి మిగిలింది. నడుం మీది వేళ్లు కడుపు మీదికి తిరిగాయి. మీసం దగ్గర ఆగి చెన్నమ్మ వైపు చూశాడు.

“ఉండనియ్యి. పల్చగా ఉందని వాడికి చానా బాధ.”

పొద్దువాలేసరికి శత్రువులు ఆరుగురు పిండైపోయారు. “ఒక్క పూటలో ఆరుగురిని కూల్చా. నాకు రాయెవరు నిలబెడతారో,” అన్నాడు మౌలాలీ దుమ్ము దులుపుకుంటూ. మిగిలిన ఏడోవాడి కింద స్ట్రెచర్ కర్రలు తేలాయి.

“వాణ్ణీ తీసెయ్ మామా,” అన్నాడు శౌరి తల దించుకుని. “ఇది కోటిగాడి రాయి. నేనెందుకు?”

“నువ్వు లేకపోతే మావోడు ఎవరికోసం లేచి నిలబడ్డట్టు?” అంది చెన్నమ్మ. “కూర్చో నాయనా. అన్నా, మొహం సరిగ్గా చెక్కు. బతికినోడు ఇతనేనని రేపు అందరూ గుర్తుపట్టాల.”

శౌరి కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు. మౌలాలీ అతని గడ్డం పట్టి వెలుతురుకేసి తిప్పాడు.

“ఏంది మామా అట్లా చూస్తన్నావు?”

“నీ ముక్కుకు ఈ రాయి చాలుద్దా అని.”

శౌరి నవ్వాడు. మౌలాలీ ఆ నవ్వునే చెక్కడం మొదలుపెట్టాడు.