రెండో జాబితా ఖాళీ

నా చేతులు పడిపోను, ఆ ప్రోగ్రాం రాసింది నేనే.

కొండ మీద మంచు సరస్సు గట్టు తెగితే ఓష్ నగరంలోని మా వరద హెచ్చరికల కార్యాలయం నుంచి రెండు సందేశాలు వెళ్ళాలి. పై మేతబీళ్ళలో యుర్తులనే గుడారాలు వేసుకున్న కాపరులకు ‘ఉన్నచోటే ఉండండి, కిందికి దిగకండి’ అని. ఏటి ఒడ్డున ఊరివాళ్ళకు ‘ఇళ్ళు వదిలి గుట్ట ఎక్కండి’ అని. పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో సందేశాలు పంపే ఒక సబ్‌రొటీన్ రాసి, ఫోన్ నంబర్ల జాబితాలు రెండూ పక్కపక్కనే పెట్టి దానికి అందించాను. పెర్ల్ సంగతి నాకు తెలియనిదా? గుమ్మంలో రెండు బుట్టలిస్తే లోపల ఒకే కుప్ప పోస్తుంది. ముందు చేయి చాచినవాడు మొత్తం ఎత్తుకుపోతాడు, రెండోవాడికి గింజ కూడా మిగలదు. బుట్టలు కాదు, అవి ఎక్కడున్నాయో ఆనవాళ్ళు మాత్రమే ఇవ్వాలి. పదిహేనేళ్ళుగా అందరికీ నేర్పిన ముక్కే, ఆ రోజు తొందరలో మరిచాను. పోనీ, సరిగ్గా పరీక్షించానా? కాపరుల నంబర్లతో మాత్రమే. ఉత్తుత్తి సందేశం పంపితే కిందటేడులా ఊరి ముసలమ్మలు కార్యాలయానికొచ్చి తిట్టిపోస్తారని నా భయం.

జులైలో ఒక మధ్యాహ్నం గట్టు తెగింది. మీట నొక్కాను. అన్నీ అందాయని తెర మీద పడింది. హమ్మయ్య అనుకున్నాను, బుద్ధిలేనివాణ్ణి.

కాసేపటికి ఆ ఊళ్ళోనే ఉండే మా తమ్ముడు శైలోబెక్ ఫోన్ చేశాడు.

“అన్నా, నీ సందేశం అందింది. కదలకుండా ఇంట్లోనే ఉన్నాం లే. టీ కూడా పెట్టించా.”

“ఇంట్లోనా? గుట్ట ఎక్కమన్నాం కదరా!”

“ఎక్కడన్నారు? ఉన్నచోటే ఉండమనేగా వచ్చింది. ఊరంతా అదే వచ్చింది.”

ఊరి నంబర్లన్నీ కాపరుల జాబితాలో కలిసిపోయాయి. సరిదిద్ది మళ్ళీ పంపే వ్యవధి లేదు.

“ఒరేయ్, తప్పు నాదిరా! పిల్లల్నెత్తుకుని గుట్టెక్కు! అందరికీ కేకెయ్!”

అటువైపు గిన్నెలు పడ్డ చప్పుడు. వాడు భార్యను పిలిచాడు. మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు.

“అన్నా... ఏటి హోరు విని సగం ఊరు ముందే గుట్టెక్కేసింది. మా అన్న పంపిన మాట తప్పవ్వదు, పదండని నేనే వెనకాలే వెళ్ళి అందర్నీ ఇళ్ళకి దింపుకొచ్చా.”

వాడు ఫోన్ పెట్టెయ్యలేదు. వీధిలో పరిగెడుతూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆ పేర్లన్నీ నాకు తెలిసినవే.