పిలవని పేరు

సొకోకే అడవి అంచున మా ఊరు. కట్టె కొట్టేవాడు ముందు గొడ్డలి తిరగేసి మానును తట్టేవాడు. తర్వాత గొంతెత్తి "ఖద్జోంజో!" అని పిలిచేవాడు. మా అడవి పిల్లుల పేరది, చెట్టు బెరడులాంటిది అని దానర్థం. బెరడులో పిల్లి ఏదైనా నిద్రపోతుంటే ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చి, నిద్ర చెడగొట్టినందుకు వాడి వంక చిరాగ్గా చూసి పోయేది. ఆ తర్వాతే గొడ్డలి వేయాలి. తాతల నాటి నుంచీ అంతే.

కరీసా ఒకసారి పిలవలేదు.

వాడి భార్య దామాకు కడుపు నిలిచేది కాదు. చచ్చిపోయిన వాడి తండ్రేమో వాడి కలలోకొచ్చి, "ఒరే, నెత్తిన వాన పడుతోందిరా! నాకో కొయ్య పాతలేవా?" అని ఒకటే పోరు. సమాధి దగ్గర ముహుహు చెట్టు కొయ్య చెక్కి పాతితే, పోయినవాళ్లు అందులో తలదాచుకుంటారు. అది లేకనే కడుపు నిలవట్లేదని మంత్రగాడు తేల్చేశాడు. దామాకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. ముహుహు చెట్లు కొట్టనివ్వకుండా అడవి కాపలావాళ్లు తుపాకులతో తిరుగుతున్నారు. పిలిస్తే వాళ్లకు వినపడుతుంది. అందుకని నోరు మూసుకుని కొట్టాడు. చెక్కాడు, తెచ్చి పాతాడు.

ముసలాయన కలలోకి రావడం మానేశాడు. దామా పెంచుకున్న పిల్లి ఇంటికి రావడం మానేసింది. కొయ్యకు చెవి ఆనిస్తే లోపల గుర్రుగుర్రుమని చప్పుడు.

"పిలిచావా లేదా? నిజం చెప్పు" అంది దామా.

"పిలిస్తే ఈపాటికి జైల్లో ఉండేవాణ్ణే."

"ఇప్పుడైనా పిలువయ్యా!"

"బెరడంతా చెక్కేశాను కదే. ఎటునుంచి వస్తుంది?"

దామా వినలేదు. రోజూ కొయ్యను కావలించుకుని పిలిచేది. నొప్పులూ అక్కడే వచ్చాయి. మంత్రసాని కాచే పరుగెత్తుకొచ్చేసరికి బిడ్డ పుట్టేసింది. ఆడపిల్ల. ఊపిరి లేదు. కాచే తల అడ్డంగా ఊపింది. దామా ఆ చల్లటి బిడ్డను గుండెకు హత్తుకుని, కొయ్యకు ఆనుకుని, ఏడుస్తూ మళ్లీ "ఖద్జోంజో!" అంది. ఇంకేం అనాలో ఆ తల్లికి తోచలేదు పాపం. కొయ్యలో చప్పుడు ఆగిపోయింది. ఏడవాల్సిన పిల్ల గుర్రుమంది.

"బతికింది కదా, ఎలా బతికితేనేం!" అంది కాచే.

నాయనమ్మ పేరే పెట్టారు, ఉమాజీ అని. కొన్నాళ్లకు అడవిలో ఎవడో మాను తట్టి పిలిచాడు. పాలు తాగుతున్న ఉమాజీ రొమ్ము వదిలేసింది. ఒళ్లు చల్లబడింది, కళ్లు తేలేసింది. దామా దాని చెవులు మూసి, "పిలవకండయ్యా! నా బిడ్డ వెళ్లిపోతోంది!" అని ఊరదిరేలా అరిచింది. పిలుపు ఆగాక గానీ పిల్లకు ఊపిరి రాలేదు.

పెద్దలు కూర్చున్నారు. దామా మొహంలోకి చూసి మాట్లాడే ధైర్యం ఎవడికుంది? ఆ రోజు నుంచి మా ఊళ్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. చెట్లు కొట్టడం మాత్రం మానలేదు. కూడు కావాలిగా మరి.

తర్వాత ఎక్కడివాళ్లో వచ్చి, ఇళ్లలో మిగిలిన పిల్లుల్ని చూసి ముచ్చటపడి, వీటినేమంటారని అడిగారు. ఊరు ఊరంతా నేలచూపులు చూసింది. సరేనని అడవి పేరే పెట్టి, సొకోకే అనుకుంటూ పట్టుకుపోయారు. ఆ పేరుతో పిలిస్తే ఏ చెట్టులోంచీ ఏ పిల్లీ రాదు.

ఉమాజీ ఇప్పుడు తల్లికి పొయ్యి దగ్గర సాయం చేస్తోంది. మొన్న మొక్కజొన్న సంకటి కెలుకుతూ ఆగిపోయింది.

"అమ్మా, ఈ కట్టె గుర్రుమంటోందే! లోపల ఎవరున్నారు?"

కట్టెకు బెరడు ఇంకా ఉంది. ఒక్కసారి పిలిస్తే లోపలి పిల్లి బయటపడుతుంది. పేరు దామా నోటిదాకా వచ్చింది. కూతురి మొహం చూసింది.

"ఎవరూ లేరు తల్లీ. పచ్చి కట్టె" అంది. ఒక చేత్తో ఉమాజీని దగ్గరికి పొదువుకుని, రెండో చేత్తో ఆ కట్టెను మంటలోకి ఇంకాస్త తోసింది.