అద్దం అవతలి నీళ్ళు

అక్వేరియం తలుపులు తెరిచేలోపే గైడు పెద్ద తొట్టి అద్దం తుడవాలి. తుడిచి, నడుం పట్టుకుని, మొదటి బస్సు జనం రాగానే పాఠం అందుకోవాలి. అదీ గబగబా. ఎవరైనా అద్దానికి చెయ్యి ఆనించారంటే లోపలి నీళ్ళు వాళ్ళింటి నీళ్ళైపోతాయి. పొలాలవాళ్ళు ముట్టుకుంటే కాలవలా ఎర్రబడతాయి. కొండలవాళ్ళు ముట్టుకుంటే వాగై దూకుతాయి. అపార్ట్‌మెంటు పిల్లలు ముట్టుకుంటే కుళాయి వాసన. చేపలు ఎలాగోలా సర్దుకుపోయేవి. పాఠమే మునిగిపోయేది. పగడాలు చూపిద్దామంటే అంతా బురద. "అద్దం ముట్టుకోకండమ్మా" అని అరిచి అరిచి ఆవిడ గొంతు అరిగిపోయింది.

బయటికెళ్ళేటప్పుడు ఏం నేర్చుకున్నారని అడిగితే, "ఏసీ బాగుంది" అనేవారు.

అందుకే కుర్ర మేనేజరు మాట్లాడే పెట్టె తెప్పించాడు. ఒకటో తారీకు నుంచి గైడు పని మానేసి ఇంట్లో కూర్చోవాల్సిందే. ఆ ఇంటికి ఆవిడ జీతం తప్ప మరో ఆధారం లేదు. ఆ మాట చెప్పుకునే ఓపికా ఆవిడకి లేదు.

"ఇవాళ పక్కన నిలబడి చూడండి మేడం, చాలు" అన్నాడు మేనేజరు.

చేపలుపట్టేవాళ్ళ కుటుంబం ఒకటి వచ్చింది. అందులో ముసలావిడ రాగానే అద్దం మీద అరచెయ్యి వేసింది. లోపల నురగలు లేచాయి, సగం లాగిన వల ఊగింది.

"చిన్న చేపలను పట్టకండి. పెద్ద కన్నుల వలలే వాడండి" అంది పెట్టె, తియ్యగా.

"నువ్వు కొనిస్తావా?" అంది ముసలావిడ. జవాబు కోసం నిలబడింది. పెట్టె తాబేళ్ళ గురించి మొదలుపెట్టింది. "అడిగేది నిన్నే! చెవుడా?"

గైడుకి నోరాగలేదు. "నేనూ కొనివ్వలేను పిన్నీ. పూర్వం మీ ఇంట్లో పిల్లచేపలు పడితే ఏం చేసేవారు?"

"మా అత్త తిట్టి మరీ వెనక్కి వేయించేది. ఇప్పుడు వేస్తే మా ఆయన నన్నే వేసేస్తాడు."

చుట్టూ నవ్వులు. "పిల్లల్ని పట్టేస్తే రేపేం పడతాయత్తా?" అని కోడలు అడిగింది. అత్త అద్దం మీంచి చెయ్యి తీసింది గానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

పెట్టె గొంతు పెంచుదామని వంగిన మేనేజరు, పడబోయి అద్దం పట్టుకున్నాడు. తొట్టి ఒక్కసారిగా అడుగంటింది. బకెట్టెడు నీళ్ళలో చేపలన్నీ ఒకదానిమీదొకటి కొట్టుకున్నాయి. అతని చెయ్యి ఇంకా అద్దం మీదే ఉంది.

"చెయ్యి తియ్యండి సార్!" గైడు అతని మణికట్టు పట్టి లాగేసింది.

నీళ్ళు మెల్లగా పైకొచ్చాయి. అతను తన అరచెయ్యి చూసుకున్నాడు. "మా వీధికి ట్యాంకరొచ్చేది. బకెట్టు దగ్గర అమ్మ నన్ను కాపలా పెట్టేది" అన్నాడు.

"రోజుకెన్ని బకెట్లు?" ముసలావిడ పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది.

"ఒకటే. అందరికీ."

ఎవరూ ఏసీ మాటెత్తలేదు. పెట్టె ఇంకా చెబుతూనే ఉంది. మేనేజరు దాని తీగ పీకేశాడు.

"ఒకటో తారీకు సంగతి మర్చిపోండి మేడం."

ఆవిడ బల్ల మీద కూలబడింది. కాళ్ళు లాగేస్తున్నాయి. బయట ఇంకో బస్సు ఆగింది.

"వీళ్ళకేం చెబుతారు?"

"ముందు చేతులు పెట్టనివ్వండి సార్" అంటూ ఆవిడ మళ్ళీ లేచింది.