శ్రీలత ఇంటికి కెమెరా వచ్చింది

2008లో ఒక టీవీ చానల్ నటి సింధుజ రోజువారీ జీవితాన్ని వారం వారం చూపించేది. పొద్దున్నే లేచి పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి షూటింగ్ ముగించుకుని ఇల్లు చేరేదాకా కెమెరా ఆమె వెంటే ఉండేది. సీరియల్లో వదినను రాచిరంపాన పెట్టే ఆడపడుచుగా అప్పటికే ఆమె ఇంటింటికీ తెలుసు. ఒకరోజు ఆ కార్యక్రమం దర్శకుడు హరనాథబాబు, "మీ బాన్సువాడ వెళ్దామండీ. మీ అక్కగారి ఇల్లు చూపిద్దాం" అన్నాడు.

"చూద్దాం లెండి" అని సింధుజ మాట దాటేసింది. అక్క శ్రీలత ఆమెతో మాట్లాడి రెండేళ్లు దాటింది.

తప్పు సింధుజదే. ఒక ఇంటర్వ్యూలో, "ఇంత గయ్యాళిగా ఎలా నటిస్తారు?" అని అడిగితే, "మా అక్కను చూసి నేర్చుకున్నా" అని నవ్వుతూ అనేసింది. బాన్సువాడంతా అది చూసింది. మర్నాటినుంచి శ్రీలత కూరగాయలకు వెళ్తే, "గయ్యాళక్క వచ్చింది, మంచి టమాటలు తియ్యి" అనేవాళ్లు. బస్సెక్కితే అడక్కుండానే లేచి సీటిచ్చేవాళ్లు. ఆ మర్యాదకు ఆమెకు మరింత ఒళ్లు మండేది.

సింధుజ బావకు ఫోన్ చేసింది. "రా, నేను చూసుకుంట" అన్నాడు మహిపాల్. చూసుకోవడమంటే భార్యకు ఒక్క ముక్క చెప్పకుండా చెరుకుతోటకు వెళ్లిపోవడమని ఆమెకు బాన్సువాడ వచ్చాకే తెలిసింది.

శ్రీలత తలుపు తీసేసరికి ఎదురుగా చెల్లెలు, చెల్లెలి వెనక కెమెరా, కెమెరా వెనక సగం వీధి.

"అమ్మా, చెల్లెల్ని సంతోషంగా కౌగిలించుకోండి" అన్నాడు హరనాథబాబు.

శ్రీలత కదల్లేదు. "సార్, గీ ప్రోగ్రాం బాన్సువాడల వస్తదా?"

"రాష్ట్రమంతా వస్తుందమ్మా."

"అయితే లోపలికి రాండ్రి."

ఆమె కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుంది. కెమెరా వైపు నేరుగా చూసి మొదలుపెట్టింది.

"నన్ను చూసి నేర్చుకున్నదట. ఈమె సంగతి నేను చెప్త, ఇనుండ్రి. అయిదో తరగతిల లెక్కల పరీక్షనాడు కడుపునొప్పని ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. అమ్మ ఎత్తుకొని దవాఖానకు ఉరికింది. డాక్టర్ సూది తీసిండో లేదో, నొప్పి మాయం. నా రిబ్బన్లు కట్టుకొని, అక్కనే ఇచ్చిందని నాయిన మీద ఒట్టేసింది. గీమెకు నేను నేర్పాల్నా?"

కిటికీ దగ్గర మూగినవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. సింధుజ కూడా నవ్వింది.

"నీకు నవ్వొస్తదే. నువ్వు హైదరాబాద్ల ఉన్నవ్. బజారుకు పోయేది నేను" అంది శ్రీలత.

సింధుజ నవ్వు ఆగిపోయింది. కెమెరా సంగతి మరిచి, వచ్చి అక్క కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "తప్పయింది అక్కా. ఫోన్ చేద్దామనుకున్న. నువ్వు ఎత్తకుంటే ఎట్లనని భయమైంది."

"ఎత్తకపోతుంటి. రెండోసారి చేస్తే ఎత్తుతుంటి గదా. గంత ఓపిక లేకపాయె నీకు."

సింధుజ అక్క ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. శ్రీలత ఆమె వీపు నిమురుతూ ఏడ్చింది. ఇద్దరి మధ్య నలిగి మైకు గరగరమంది.

"చాలా బాగుంది. కాని సౌండ్ సరిగ్గా రాలేదు. ఇంకొక్కసారి అలాగే చేద్దామా?" అన్నాడు హరనాథబాబు.

శ్రీలత ముక్కు తుడుచుకుంది. "మళ్ల గిట్ల కావాలంటే ఇంకో రెండేండ్లు కొట్లాడాలె సార్. ఆగుతరా?"

ఆయన మళ్లీ అడగలేదు. అందరూ జొన్నరొట్టెలు, వంకాయ కూర తిన్నారు. గొడవ సద్దుమణిగిందని ఎవరో కబురు చెప్తే మహిపాల్ మెల్లగా ఇల్లు చేరాడు. "కూసో. నీ సంగతి వీళ్లు పోయినంక" అంటూ భార్య అతనికి కూడా వడ్డించింది.

ఎపిసోడ్ ప్రసారమయ్యాక చానల్‌కు ఫోన్లే ఫోన్లు. అందరూ అక్కనే మళ్లీ చూపించమన్నారు. హరనాథబాబు బతిమాలితే శ్రీలత కాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

"నెలకొకసారి రాండ్రి. వరికోతలప్పుడు మాత్రం వద్దు. అప్పుడు నాకు ఏడ్వనీకి గూడ తీరిక ఉండది."