మూడో నంబరు లైటు

చింతపండు పిసుకుతున్న రాజ్యశ్రీ చెయ్యి ఆగిపోయింది. హాల్లో టీవీ చెబుతోంది, సోమవారం నుంచి తను రోజూ వినే సీరియల్ రాత్రి ఏడున్నరకి కాదట, మధ్యాహ్నం రెండింటికట. నిజానికి ఆ సీరియల్‌ని ఆమె ఎన్నడూ చూసింది లేదు, వంటింట్లో నిలబడి కుక్కర్ ఈలల మధ్య విన్నదే. నాయిక ఏడుపు తెలుసు, నవ్వు తెలుసు, మొహం మాత్రం తెలీదు. అయినా రోజు మొత్తంలో తనదంటూ ఉన్నది ఆ అరగంట చెవుల ముచ్చటే. మధ్యాహ్నం రెండింటికి తను నందిగామలో ఉంటుంది, ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి సోషల్ చెబుతూ.

"మంచిదేగా, మధ్యాహ్నమైతే నీకూ తీరిక" అన్నాడు హాల్లోంచి కిషోర్‌బాబు. పెళ్లాం పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కి పొద్దుగూకే వేళకి దిగుతుందని ఆయనకి తెలీక కాదు. ఆడవాళ్లకి మధ్యాహ్నం తీరికన్నది ఆయనకి తాతలనాటి నమ్మకం, కళ్లెదుట ఏమున్నా చెక్కుచెదరదు.

శనివారం సాయంత్రం ఆమె బస్సు దిగి వచ్చేసరికి జాయిస్ కూర్చుని ఉంది. ఏ ఇంట్లో ఎవరు ఎప్పుడు టీవీ చూస్తున్నారో లెక్కతీసే కంపెనీ అమ్మాయి. టీవీ పక్కన ఆ చిన్న మిషను పెట్టించింది తనే. దానికో రిమోటు, మనిషికో నంబరు. చూస్తున్నవాళ్లు తమ నంబరు నొక్కితే లైటు వెలుగుతుంది. అత్తగారు పున్నమ్మది ఒకటి, కిషోర్‌బాబుది రెండు, రాజ్యశ్రీది మూడు.

"మీరు టీవీ బాగా చూస్తారే అక్కా" అంది జాయిస్. "పొద్దున భక్తి, మధ్యాహ్నం సీరియళ్లు, రాత్రి వార్తలు, అన్నింట్లో మీరున్నారు."

"నేనా?"

"మూడో నంబరు మీదే కదా. మీ వయసు ఆడవాళ్లు ఎప్పుడు కూర్చుంటే ఆ టైముకే చానళ్లోళ్లు మంచి సీరియళ్లు వేస్తారు."

"అయితే మా ఏడున్నర సీరియల్‌ని..."

"ఒక్క ఇంటి లెక్కతో మార్చరులే అక్కా."

రాజ్యశ్రీ ఆ మిషను వైపు చూసింది. తెల్లవారుజామునే లేచి టిఫినూ కూరా చేసి, కేరియరు కట్టుకుని బస్సుకి పరిగెత్తేది ఎవరు మరి? ఒక్కోసారి చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర కునుకుపట్టి, మెలకువొచ్చాక స్కూలుకి పోతున్నానో ఇంటికి వస్తున్నానో తెలియక కిటికీలోంచి ఎండ ఎటుందో చూసుకునేది. అట్లాంటి మనిషి మాటకి విలువేముంది? మిషను చెప్పిందే నిజమేమో. తనకి తెలియకుండా ఇంకో రాజ్యశ్రీ ఈ ఇంట్లో ఉందేమో. పొద్దస్తమానం ఫ్యాను కింద కాళ్లు చాపుకుని కూర్చునే ఆ మూడో నంబరు రాజ్యశ్రీ మీద ఆమెకి అసూయ పుట్టుకొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది.

"నేనే నొక్కుతున్నా" అంది పున్నమ్మ, దాపరికమేమీ లేకుండా. "టీవీ పెట్టగానే నాదీ దానిదీ నొక్కుతా."

"మరి అబ్బాయిగారిది?" అంది జాయిస్.

"వాడు కొట్లో ఉంటాడుగా. లేనోణ్ణి ఉన్నాడని ఎట్టా నొక్కేది, అబద్ధం కాదూ?"

"అక్క కూడా లేరుగా మామ్మగారూ."

"మగాడు బయటే ఉంటాడమ్మా. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు. కోడలు ఇంటిపట్టున లేదని మిషనుకి చూపిస్తే ఏం మర్యాద?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. కోడలి పరువు తను కాపాడుతున్నాననే ఉంది. అదే రాజ్యశ్రీని మరీ తికమకపెట్టింది, తిట్టివుంటే ఏదో ఒకటి అనివుండేది.

"చూసినప్పుడే నొక్కాలమ్మా" అని జాయిస్ చెప్పి చూసింది. "పోనీలేమ్మా, అది వెలిగితే ఎవరికేం నష్టం" అన్నాడు అప్పుడే కొట్టు నుంచి వచ్చిన కిషోర్‌బాబు. జాయిస్ సంచీ భుజాన వేసుకుంది. రాజ్యశ్రీ వంటింట్లోకి వెళ్లింది. ఎవరికేం నష్టమో ఆమెకీ తేల్చి చెప్పడం రాలేదు. కందిపప్పు కడుగుతూ ఆలోచించింది, ములక్కాడలు కోస్తూ ఆలోచించింది. తను బయట ఉన్నప్పుడు ఇంట్లో ఉన్నట్టు, వంటింట్లో ఉన్నప్పుడు సోఫాలో ఉన్నట్టు. మరి నిజంగా ఎక్కడుంటే ఉన్నట్టు?

ఏడున్నరైంది. ఆ వేళకి ఆ సీరియల్ రావడం అదే ఆఖరు. పున్నమ్మ అలవాటుగా ఒకటీ మూడూ నొక్కింది. రాజ్యశ్రీ గుమ్మంలో నిలబడి ఆ మూడో లైటు వైపు చూసింది. వెనక సాంబారు మరుగుతోంది, మంట తగ్గించాలి. తగ్గించలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. నాయిక మొహం మొదటిసారి చూసింది. ఆ గొంతు ఇంత చిన్నపిల్లదని ఎప్పుడూ అనుకోలేదు.

మాడువాసన హాల్లోకి వచ్చింది.

"రాజ్యం, సాంబారు అడుగంటుతున్నట్టుంది, చూడు" అన్నాడు కిషోర్‌బాబు.

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"వంటింట్లో ఎవరూ లేరండీ. నేనిక్కడ టీవీ చూస్తున్నా. కావాలంటే లైటు చూడండి."